పదం లేని కాకువు: చలనచిత్ర సంగీతంలో సాక్సోఫోన్ అర్థచరిత్ర

కావ్యంలో శబ్దానికి అర్థం ఎలా వస్తుందన్న ప్రశ్న ఆలంకారికులకు కొత్తది కాదు. అభిధ, లక్షణ, వ్యంజన అనే శబ్దవృత్తుల చర్చ అంతా ఆ ప్రశ్న చుట్టూ అల్లుకున్నదే. అయితే పదమే లేని శబ్దానికి, అంటే వాద్యనాదానికి, అర్థం ఉంటుందా అన్న విచారం ఆ చర్చలో ఒక మూల మాత్రమే కనిపిస్తుంది. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం తృతీయోద్యోతంలో వ్యంజకత్వం వాచకత్వం కంటె వేరైనదని నిరూపించే సందర్భంలో గీతశబ్దాన్ని ఉదాహరించాడు. వాచకశక్తి లేని గీతనాదం కూడా రసాదులను స్ఫురింపజేయడం లోకంలో కనబడుతున్నది కనుక స్ఫురింపజేసే శక్తికి వాచ్యార్థం ఆధారం కానక్కరలేదన్నది ఆయన వాదం. 9వ శతాబ్దపు కాశ్మీరంలో చేసిన ఈ వాదానికి 20వ శతాబ్దపు చలనచిత్రం విస్తారమైన నిదర్శనాలను సమకూర్చింది. వాటిలో సాక్సోఫోన్ అనే ఒక్క వాద్యాన్ని తీసుకొని, తెర మీద దానికి అర్థం ఎలా ఏర్పడింది, ఎలా గట్టిపడింది, ఎక్కడ తలకిందులైంది అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

సాక్సోఫోన్‌కు రెండు వందల ఏళ్ల వయసు కూడా లేదు. బెల్జియంలోని దినాన్ పట్టణంలో 1814లో పుట్టిన అడాల్ఫ్ సాక్స్ దీనిని రూపొందించి, 1846లో పారిస్‌లో పేటెంట్ పొందాడు. ప్రధానంగా సైనిక వాద్యబృందాలలో వాడుకకు వచ్చిన వాద్యమిది. దీని ఒళ్లు ఇత్తడిది, గొంతు రెల్లుది. గొట్టం లోహమే అయినా నాదం పుట్టేది నోటి దగ్గర బిగించిన ఒంటి రెల్లు పీకలో కాబట్టి, పాశ్చాత్యులు దీనిని ఇత్తడి వాద్యాలలో కాక కాష్ఠ సుషిర వాద్యాలలో చేర్చారు. ఈ వర్గీకరణ వాద్యశాస్త్రానికి సంబంధించిన చిన్న విషయంగా కనిపించినా, ఇక్కడి చర్చకు ముఖ్యమైనది. ఇత్తడి బిగ్గరతనం, రెల్లు వణుకు ఒకే గొంతులో కలవడం వల్లనే ఈ వాద్యం గుసగుసలాడగలదు, బొంగురుపోగలదు, ఏడవగలదు, అరవగలదు. మాటలోని పదాలను తీసివేసి కంఠస్వరపు ఒంపును మాత్రమే మిగిల్చినట్లు ఉంటుంది దీని పలుకు.

ఆ ఒంపుకు అలంకారశాస్త్రంలో పేరుంది. భిన్నమైన కంఠధ్వనిని కాకువు అన్నారు. మమ్మటుడు కావ్యప్రకాశం తృతీయోల్లాసంలో ఆర్థీ వ్యంజనకు తోడ్పడే విశేషాలను చెబుతూ వక్త, బోద్ధవ్యుడు, కాకువు, వాక్యం, వాచ్యం, అన్యసన్నిధి, ప్రస్తావం, దేశం, కాలం మొదలైనవాటిని పేర్కొన్నాడు. సాక్సోఫోన్‌ను పదం లేని కాకువుగా భావిస్తే, దాని అర్థాన్ని నిర్ణయించే భారం ఈ పట్టికలోని మిగిలిన వాటి మీద పడుతుంది. ఎవరి పక్షాన వాయిస్తున్నారు, ఎవరు వింటున్నారు, పక్కన ఏ దృశ్యం ఉంది, ఏ దేశం, ఏ కాలం అన్నవే దాని నిఘంటువు. ఇది ఈ వాద్యంలోనే ఉన్న స్వభావమని, సాక్సోఫోన్ అంటేనే మోహమని లేదా పాపమని చెప్పే లోకాభిప్రాయం చరిత్ర ముందు నిలవదు.

నిషేధానికి గురైన నాదం

ఆ లోకాభిప్రాయం ఎంత బలమైనదో తెలుసుకోవడానికి 1951 నాటి ఒక ఘటన చాలు. టెనెసీ విలియమ్స్ నాటకం ఆధారంగా ఎలియా కజాన్ దర్శకత్వం వహించిన ‘ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్’ చిత్రానికి అలెక్స్ నార్త్ సంగీతం కూర్చాడు. అంతవరకు హాలీవుడ్ నేపథ్య సంగీతమంటే ఐరోపా సింఫనీ సంప్రదాయంలోని తంత్రీవాద్యాల వెల్లువే. నార్త్ న్యూ ఆర్లీన్స్ కథకు న్యూ ఆర్లీన్స్ సంగీతాన్నే పునాదిగా తీసుకొని, జాజ్ పోకడలను వాద్యబృందంలోకి తెచ్చాడు. జాజ్‌ను కథాకథనంలో ప్రధానంగా నిలిపిన తొలి పెద్ద హాలీవుడ్ చిత్రంగా సంగీత చరిత్రకారులు దీనిని లెక్కిస్తారు.

చిత్రంలో స్టాన్లీ తన భార్యను కొట్టిన తరువాత మెట్ల కింద నిలబడి ఆమె పేరు పెట్టి అరుస్తాడు. ఆమె మెట్లు దిగి వస్తుంది. దిగే తీరులో కోపముంది, కోపాన్ని మించిన ఆకర్షణ కూడా ఉంది. సంభాషణ లేదు. ఆ సమయంలో వినవచ్చే జాజ్ ఛాయల సంగీతం అసభ్యంగా ఉన్నదని ‘లీజియన్ ఆఫ్ డీసెన్సీ’ అనే క్యాథలిక్ సంస్థ అభ్యంతరం తెలిపింది. కొన్ని దృశ్యఖండాలు తొలగించడంతో పాటు ఆ ఘట్టంలోని సంగీతాన్నే మార్చి, సంప్రదాయ పద్ధతిలో మరొక సంగీతాన్ని చేర్చవలసి వచ్చింది. తొలగించిన భాగాలు తిరిగి చేరిన ప్రతి 1993లో మాత్రమే ప్రేక్షకుల ముందుకు వచ్చింది.

మాటను నిషేధించడం, దృశ్యాన్ని కత్తిరించడం సాహిత్య, చలనచిత్ర చరిత్రలలో మామూలే. స్వరాలను నిషేధించడానికి, అవి ఏదో చెబుతున్నాయని ముందుగా ఒప్పుకోవాలి. నేపథ్య సంగీతం కథకు అలంకారం మాత్రమేనని భావించిన సమకాలిక విమర్శకుల కంటె, ఆ అభ్యంతరదారులే వ్యంజనావృత్తిని బాగా గుర్తించారనడం అతిశయోక్తి కాదు. అయితే వారు విన్న అర్థం ఆ స్వరాలలో పుట్టింది కాదు. నల్లజాతి పేటలు, మధుశాలలు, వేశ్యావాటికలు జాజ్‌కు పుట్టినిళ్లని అమెరికన్ మర్యాదస్థులు 1920ల నుంచీ నమ్ముతూ వచ్చారు. మెట్ల మీది ఆ సంగీతంలో వారికి వినిపించింది ఆ నమ్మకమే. మమ్మటుని పట్టికలోని దేశకాలాలు ఇక్కడ జాతి, వర్గ భేదాల రూపంలో పనిచేశాయి.

లేని జ్ఞాపకం

రాత్రివేళ, తడిసిన వీధి, టోపీ పెట్టుకున్న అపరాధ పరిశోధకుడు, దూరాన ఒంటరి సాక్సోఫోన్. 1940ల నాటి హాలీవుడ్ నేరచిత్రాలు అనగానే ఈ చిత్రణ మనసులో మెదులుతుంది. ఆశ్చర్యమేమిటంటే ఆ చిత్రాల నేపథ్య సంగీతంలో ఆ సాక్సోఫోన్ దాదాపుగా లేదు. ‘ది మాల్టీస్ ఫాల్కన్’ (1941)కు అడాల్ఫ్ డాయిష్, ‘డబుల్ ఇండెమ్నిటీ’ (1944)కి మిక్లోష్ రోజా, ‘లారా’ (1944)కు డేవిడ్ రాక్సిన్ కూర్చిన సంగీతాలన్నీ ప్రధానంగా తంత్రీవాద్యాల మీద, పెద్ద వాద్యబృందాల మీద ఆధారపడినవే.

ఆ కాలంలో సాక్సోఫోన్ సాధారణంగా తెర లోపల, కథలోని ఒక స్థలానికి సామగ్రిగా కనబడేది. 1950లో వచ్చిన ‘డి.ఓ.ఎ.’ ఇందుకు మంచి నిదర్శనం. కథానాయకుడు శాన్ ఫ్రాన్సిస్కోలోని జాజ్ క్లబ్బులో కూర్చుంటాడు. వేదిక మీద సాక్సోఫోన్ వాదకుడు చెమటలు కక్కుతూ, ఒళ్లు మరచి వాయిస్తుంటాడు. ఆ హోరులోనే నాయకుడి పానీయంలోకి విషం చేరుతుంది. సాక్సోఫోన్ ఇక్కడ పాత్ర మనసును చెప్పడం లేదు. బల్లలు, గ్లాసులు, పొగ మాదిరిగా అది కూడా ప్రమాదకరమైన చోటుకు గుర్తు. అదే చిత్రానికి దిమిత్రి త్యోమ్కిన్ కూర్చిన నేపథ్య సంగీతం మాత్రం సంప్రదాయ వాద్యబృందానిదే. చోటుకు ఒక సంగీతం, మనసుకు మరొకటి. ఈ హద్దును నార్త్ చెరపడం మొదలుపెట్టాడు. ‘ఆన్ ది వాటర్‌ఫ్రంట్’ (1954)లో లెనార్డ్ బెర్న్‌స్టైన్ సాక్సోఫోన్‌ను రేవు కార్మికుని అంతరంగంలోకి తీసుకువెళ్లాడు.

మరి లేని జ్ఞాపకం ఎక్కడ పుట్టింది? ‘బాడీ హీట్’ (1981)ను ‘డబుల్ ఇండెమ్నిటీ’ పక్కన పెట్టి చూస్తే సమాధానం కొంత దొరుకుతుంది. రెండింటిలోనూ కథ ఒకే దారిలో నడుస్తుంది. ఒక స్త్రీ మోహంలో పడిన పురుషుడు ఆమె భర్తను చంపడానికి సిద్ధమవుతాడు. 1944లో రోజా ఆ కథను వాద్యబృందపు బరువైన నడకతో చెప్పగా, 1981లో జాన్ బ్యారీ దానిని ఆల్టో సాక్సోఫోన్‌కు అప్పగించాడు. కొత్త చిత్రం పాత చిత్రాలను స్మరిస్తూ తీసినది కాబట్టి, దాని సంగీతం పాతవాటి సంగీతంగా ప్రేక్షకుల మనసులో స్థిరపడింది. తరువాతి అనుకరణలు, హాస్యానుకరణలు ఆ ముద్రను మరింత గట్టిచేశాయి. ప్రయోజన లక్షణగా మొదలైన ప్రయోగం వాడుక వల్ల రూఢి లక్షణగా మారే తీరు భాషలో చూస్తూనే ఉంటాం. ఇక్కడ రూఢి వర్తమానంతో ఆగక గతాన్ని కూడా తిరగరాసింది. సాహిత్య చరిత్రలో ప్రక్షిప్త పద్యాలు కవి కాలానికే చెందినవిగా చలామణి కావడంతో దీనికి పోలిక ఉంది.

రూఢి ఏకైకార్థం కాదని గుర్తుచేయడానికి ఒక్క చిత్రం పేరు చాలు. ‘ది పింక్ పాంథర్’ (1963)కు హెన్రీ మాన్‌చిని కూర్చిన స్వరావళిని ప్లాస్ జాన్సన్ టెనర్ సాక్సోఫోన్ మీద వాయించాడు. అక్కడ అదే వాద్యం మునివేళ్ల మీద నడిచే పిల్లిలా నవ్విస్తుంది. శృంగారమూ లేదు, విషాదమూ లేదు.

మాట రాని మనుషులు

1970ల అమెరికన్ చిత్రాలలో సాక్సోఫోన్ ప్రయోగం లోతుగా మారింది. ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొపోలా ‘ది కన్వర్సేషన్’ (1974)లో హ్యారీ కాల్ వృత్తి ఇతరుల మాటలను రహస్యంగా రికార్డు చేయడం. తన మాట మాత్రం ఎవరికీ ఇవ్వడు. ఇంట్లో ఒంటరిగా కూర్చొని గ్రామఫోన్ రికార్డు పెట్టుకొని, దానితో పాటు సాక్సోఫోన్ వాయిస్తాడు. అంటే సంగీతంలో కూడా అతనికి సజీవమైన తోడు లేదు. రికార్డయిన మనుషులతోనే అతని సంభాషణ. చివరకు తన ఇంట్లోనే ఎవరో శబ్దగ్రాహకం దాచారని తెలిసి, దాని కోసం గోడలు, నేల పెకలిస్తాడు. మేరీమాత ప్రతిమను కూడా పగలగొడతాడు. ఏమీ దొరకదు. శిథిలమైన గదిలో కూర్చొని సాక్సోఫోన్ వాయిస్తుండగా చిత్రం ముగుస్తుంది. డేవిడ్ షైర్ ఈ చిత్రానికి ప్రధానంగా పియానో మీద సంగీతం కూర్చాడు కాబట్టి, సాక్సోఫోన్ కథకుని గొంతు కాక పూర్తిగా పాత్ర గొంతుగానే నిలిచింది. వక్త ఉన్నాడు, కాకువు ఉంది, బోద్ధవ్యుడు లేడు. లేదా గోడలో దాగి వింటున్న శత్రువే బోద్ధవ్యుడు. ఈ రెండింటిలో ఏది నిజమో చెప్పకుండా చిత్రం వదిలివేయడంలోనే ఆ ముగింపు బలముంది.

మార్టిన్ స్కోర్సెసీ ‘టాక్సీ డ్రైవర్’ (1976) మరింత సంక్లిష్టమైనది. ‘సిటిజన్ కేన్’, ‘వెర్టిగో’, ‘సైకో’ చిత్రాలకు సంగీతం కూర్చిన బెర్నార్డ్ హెర్మన్‌కు ఇదే చివరి రచన. రికార్డింగు పూర్తిచేసిన కొన్ని గంటలకే, 1975 డిసెంబరు 24న ఆయన మరణించాడు. చిత్రం ఆయనకే అంకితమైంది. ఆవిరి పొగల మధ్య నుంచి టాక్సీ బయటికి వచ్చే తొలి దృశ్యంలోనే రెండు సంగీతాలు ఎదురవుతాయి. ఒకటి ఇత్తడి వాద్యాలు, డ్రమ్ములు కలిసి ఉప్పెనలా ఉబికే రెండు స్వరాల భీతి. రెండవది దానిని చీల్చుకొని వచ్చే ఆల్టో సాక్సోఫోన్ పాట, మెత్తగా, కాస్త పాతకాలపు వాసనతో. చిత్రం కోసం దానిని వాయించిన రోనీ లాంగ్‌దే ‘బాడీ హీట్’లోని సాక్సోఫోన్ కూడా.

ట్రావిస్ బికిల్ మాట్లాడడం చేతకాని మనిషి. డైరీ రాస్తాడు, అద్దంలో తనతో తాను మాట్లాడుకుంటాడు, ఎదుటివారితో మాట కలపబోతే అది పెడదారి పడుతుంది. సాక్సోఫోన్ పాట అతను చెప్పలేని కోరికకు, బెట్సీ అనే యువతిని దేవతగా ఊహించుకున్న అతని కలకు గొంతు అని ప్రేక్షకుడు నమ్ముతాడు. చిత్రం సగం దాటిన తరువాత ఆ నమ్మకం మీద దెబ్బ పడుతుంది. బాలికను వ్యభిచారంలోకి దించిన స్పోర్ట్ అనే మనిషి ఆమెను లాలిస్తూ, మాయమాటలు చెబుతూ, గ్రామఫోన్ మీద ఒక రికార్డు పెట్టి ఆమెతో నాట్యం చేస్తాడు. రికార్డులో మోగేది ఆ సాక్సోఫోన్ పాటే. ట్రావిస్ ఆ గదిలో లేడు. అతని ఏకాంతానికి గుర్తనుకున్న పాట, బజారులో దొరికే సరుకుగా, ఆడపిల్లను లొంగదీసే పనిముట్టుగా తేలింది.

ఈ ఘట్టంలో స్వరాలు మారలేదు. మారినవి వక్త, బోద్ధవ్యుడు, అన్యసన్నిధి. ట్రావిస్ పక్కన విన్నప్పుడు విప్రలంభంలా తోచినది, స్పోర్ట్ పక్కన విన్నప్పుడు శృంగారాభాసమైంది. అంతకంటె ముఖ్యంగా, రెండోసారి విన్న అర్థం వెనక్కి ప్రయాణించి మొదటి అర్థాన్ని కలుషితం చేస్తుంది. ట్రావిస్ కల కూడా స్పోర్ట్ మాయమాటల జాతిదేనేమో అన్న అనుమానం మొదలవుతుంది. చివర హత్యాకాండ ముగిసి, కెమెరా పైనుంచి నెత్తుటి గదిని నెమ్మదిగా చూస్తూ వెనక్కి జరిగే దృశ్యంలో అవే స్వరాలు ఇత్తడి వాద్యాల మీద భీకరంగా మోగుతాయి. ఆ కోరిక ఎక్కడికి చేరిందో చెప్పడానికి సంభాషణ అక్కరలేకపోయింది. ఇంత పొదుపైన వ్యంగ్యం హాలీవుడ్ సంగీతంలో అరుదు.

బొంబాయి సాక్సోఫోన్

సైనిక బృందాల వాద్యంగా ప్రపంచమంతా తిరిగిన సాక్సోఫోన్ భారతదేశంలో సంస్థానాల బ్యాండ్లలోకి, కలకత్తా, బొంబాయి హోటళ్ల నాట్యశాలలలోకి, అక్కడి నుంచి సినిమా స్టూడియోలలోకి చేరింది. హిందీ చిత్రసంగీతంలో దానికి స్థిరమైన స్థానం కల్పించినవారిలో మనోహారీ సింగ్ (1931–2010) ముఖ్యుడు. కలకత్తాలో స్థిరపడిన నేపాలీ కుటుంబంలో పుట్టి, అక్కడి వాద్యబృందాలలో రాటుదేలి, 1958లో బొంబాయి చేరాడు. తరువాతి కాలంలో ఆర్.డి. బర్మన్ వాద్యబృందానికి మూలస్తంభాలలో ఒకడయ్యాడు.

హిందీ చిత్రాలలో సాక్సోఫోన్ అంటే క్లబ్బు, మద్యం అన్న అభిప్రాయం పూర్తిగా తప్పు కాదు. ‘కాశ్మీర్ కీ కలీ’ (1964)లో ఓ.పి. నయ్యర్ స్వరపరచగా రఫీ పాడిన మద్యపు మత్తు పాటలో మనోహారీ సాక్సోఫోన్ గాయకునితో సమానంగా తూలుతుంది. అయితే మరుసటి ఏడాదే వచ్చిన ‘ఆర్జూ’లో శంకర్–జైకిషన్ లతా మంగేష్కర్ చేత పాడించిన విరహగీతంలో అదే వాదకుడు, అదే వాద్యం నాయిక దుఃఖానికి తోడు నిలుస్తాయి. ఆమె ప్రోషితభర్తృక లక్షణాలున్న కులాంగన. ఆమె పక్కన మోగినప్పుడు సాక్సోఫోన్‌లో క్లబ్బు వాసన ఏమాత్రం లేదు. ఈ రెండు పాటలను వరుసగా విన్నవారెవరూ వాద్యానికి స్థిరార్థం ఉందని వాదించలేరు.

1969లో శక్తి సామంత ‘ఆరాధన’ కోసం తీసిన ‘రూప్ తేరా మస్తానా’ ఘట్టం ‘స్ట్రీట్‌కార్’ మెట్ల దృశ్యంతో పోల్చదగినది. వాన రాత్రి, నెగడు, తడిసిన బట్టలు, నాయికానాయకులు. మొత్తం పాటను ఒకే షాటులో చిత్రీకరించారు. వారు పెదవి కదపరు. పాట పక్కగది నుంచి వస్తున్నదన్నది కథలోని ఏర్పాటు. కెర్సీ లార్డ్ అకార్డియన్, మనోహారీ సాక్సోఫోన్ కిశోర్ కుమార్ గొంతు చుట్టూ తిరుగుతుంటాయి. తెర మీద చూపకూడనిది, పాత్రలు పలకకూడనిది పరుల పాట మీద, వాద్యం మీద మోపి చెప్పడం ఇది. ఆ రాత్రి పర్యవసానమే మిగిలిన కథ. అమెరికాలో అభ్యంతరానికి గురైన వ్యంజన బొంబాయిలో కథను నడిపే ఉపాయమైంది.

కల్యాణవసంతం

పైన చెప్పిన ప్రయోగాలన్నిటిలోనూ సాక్సోఫోన్ తన జాజ్ యాసను ఎంతో కొంత నిలుపుకున్నది. ఆ యాసను పూర్తిగా మార్చిన చిత్రం కె. బాలచందర్ తమిళంలో తీసిన ‘డ్యూయెట్’ (1994). సంగీతం ఎ.ఆర్. రహమాన్. సాక్సోఫోన్ వాయించినది కద్రి గోపాల్‌నాథ్ (1949–2019).

గోపాల్‌నాథ్ దక్షిణ కన్నడ జిల్లాలో నాగస్వర విద్వాంసుని కుమారుడు. మైసూరు రాజప్రాసాదపు బ్యాండులో సాక్సోఫోన్ విని దాని మీద మనసుపడి, కర్ణాటక సంగీతాన్ని దానిలో పలికించడానికి సుదీర్ఘకాలం సాధన చేశాడు. ఆ సాధనలోని కష్టం చెప్పుకోదగినది. నాగస్వరంలో వేలితో రంధ్రాన్ని కొద్దికొద్దిగా మూస్తూ తెరుస్తూ స్వరాల మధ్య జారవచ్చు. సాక్సోఫోన్‌లో రంధ్రాలను మూసేవి మీటలు. మీట పడితే స్వరం, లేకపోతే మరొక స్వరం. గమకానికి చోటు లేని ఆ యంత్రంలో గమకం పుట్టాలంటే పెదవి పట్టు, ఊపిరి అదుపు మీదనే ఆధారపడాలి. ఆయన వాదనంలో వినిపించే మార్దవం ఆ పోరాట ఫలితం. లీజియన్ ఆఫ్ డీసెన్సీ చెవులకు అసభ్యతగా తోచిన సంగీతపు వాద్యం, ఈయన చేతిలో కంచి కామకోటి పీఠం ఆస్థాన విద్వాంసుని వాద్యమైంది. ఇత్తడిలో సన్నాయి పలికింది.

‘డ్యూయెట్’ కథకు ఎడ్మండ్ రోస్తాన్ ఫ్రెంచి నాటకం ‘సిరానో ద బెర్జెరాక్’ (1897) ఛాయలున్నాయి. అందులో పెద్ద ముక్కు గల సిరానో తన ప్రేమను అందగాడైన మరొకని నోట పలికిస్తాడు. బాలచందర్ చిత్రంలో ప్రభు పోషించిన గుణ స్థూలకాయుడు. అతని కళ అంజలి హృదయాన్ని గెలుస్తుంది, కాని దాని కర్త అతని తమ్ముడు శివ అని ఆమె భ్రమపడుతుంది. రోస్తాన్‌కూ బాలచందర్‌కూ మధ్య ఒక ముఖ్యమైన తేడా ఉంది. సిరానో ఆయుధం మాట. కవిత్వం, ఉత్తరం, చమత్కారం అతనివి. గుణ కూడా పాటలు కట్టేవాడే అయినా, అతని అంతరంగానికి అసలు గొంతు సాక్సోఫోన్. మాటకు కర్త ఎవరో మాటలోనే కొంత తెలుస్తుంది. నాదానికి కర్త కంటికి కనబడితే తప్ప తెలియడు. వక్త తెలియని కాకువు మీద కథ నిలబెట్టడం నాటకం కంటె చలనచిత్రానికే సాధ్యమైన పని. కథనం అతినాటకీయత వైపు ఒరిగిన చోట్ల కూడా వాద్యం నిగ్రహం తప్పకపోవడం ఈ చిత్రానికి రక్ష.

రాగాన్ని ఎంపిక చేసిన తీరును గోపాల్‌నాథ్ పలు సందర్భాలలో చెప్పాడు. రికార్డింగులో ఎన్నో రాగాలు వాయించి చూపినా రహమాన్‌కు తృప్తి కలగలేదు. చివరికి కల్యాణవసంతం వాయించగా అదే కావాలన్నాడు. ఎంపిక వెనుక కారణమేదైనా, ఫలితాన్ని రాగ స్వరూపం నుంచి వివరించవచ్చు. 21వ మేళకర్త కీరవాణిలో జన్యమైన ఈ రాగపు ఆరోహణలో రిషభ, పంచమాలు వర్జ్యం. అవరోహణ సంపూర్ణం. ఎక్కేటప్పుడు రెండు మెట్లు వదిలి అంగలు వేస్తుంది, దిగేటప్పుడు ఒక్క మెట్టూ వదలకుండా తడుముకుంటూ దిగుతుంది. ఆశ తొందరలో పైకి లేచి, నిజం తెలిసిన కొద్దీ మెల్లగా నేలకు రావడం గుణ కథ కూడా. రాగ స్వరూపానికి పాత్ర స్వభావాన్ని ఇలా ముడిపెట్టడం సర్వత్రా చెల్లదు. ఇదే రాగం మరొక సందర్భంలో మరొకటి చెబుతుంది. అలా చెప్పిన ప్రసిద్ధ సందర్భం తెలుగువారికి దగ్గరిదే. త్యాగరాజు ‘నాదలోలుడై’ కృతిని కూర్చినది కల్యాణవసంతంలోనే. నాదంలో లీనమై బ్రహ్మానందాన్ని పొందమని మనసుకు చేసిన ఆ బోధలో విరహం లేదు, కాయాన్ని గురించిన సిగ్గు లేదు. నాదమే గమ్యం. చిత్రంలో అదే రాగం గమ్యం చేరని మనిషి గొంతు. నాదలోలత అతనికి ఆనందానికి దారి కాక, ప్రేమకు అడ్డుతెర అయింది. ఈ వైరుధ్యం చిత్ర నిర్మాతలు ఉద్దేశించినదా కాదా అన్నది వేరే ప్రశ్న. త్యాగరాజ కృతి ఎరిగిన శ్రోతకు మాత్రం అది తప్పక స్ఫురిస్తుంది. సహృదయుని పూర్వసంస్కారం వ్యంగ్యాన్ని పెంచుతుందనడానికి ఇంతకంటె సులభమైన ఉదాహరణ దొరకదు.

‘డ్యూయెట్’ తెలుగులోకి అనువాదమై అదే పేరుతో వచ్చింది. అనువాద చిత్రాల గీతసాహిత్యం గురించి తెలుగులో చర్చ జరిగింది, వాటి భాషపై ఆక్షేపణలూ వచ్చాయి. అనువాదానికి లొంగని భాగం గురించిన విచారం తక్కువ. డబ్బింగులో పెదవుల కదలికకు తగినట్లు సంభాషణలు మారాయి. బాణీకి తగినట్లు పాటల మాటలు మారాయి. తమిళంలో పాడిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం తెలుగు మాటలతో మళ్లీ పాడారు. వాచ్యమైనదంతా భాష మార్చుకున్నది. సాక్సోఫోన్ వాయించిన భాగం మాత్రం తమిళ ప్రతిలో ఎలా ఉందో తెలుగు ప్రతిలోనూ అలాగే ఉంది. త్యాగరాజు తెలుగు పలుకులతో ప్రసిద్ధమైన రాగం, దక్షిణ కన్నడ నాగస్వర కుటుంబంలో పుట్టిన విద్వాంసుని ఊపిరిలో, బెల్జియం మనిషి చేసిన వాద్యంలో, తమిళ చిత్రం మీదుగా, ఒక్క మాటా లేకుండా తెలుగు ప్రేక్షకుని దగ్గరికి వచ్చింది.